ఒకే కథ, ఇద్దరి నోట: నా అనుభవం

"పిన్నీ, హర్ష ఎందుకు వెళ్లిపోయాడు?"

మా అక్క కూతురు అడిగిన ఈ ప్రశ్నతోనే నా నవల రెండోసారి మొదలైంది. అప్పటికి ఎనిమిది నెలలు కూర్చుని ఒక ప్రతి పూర్తి చేశాను. 15, 16 ఏళ్ల పిల్లలు చదువుకోవాలని రాసిన నవల అది. హర్ష, మేఘన కవలలు. వాళ్ల 16వ ఏట అమ్మానాన్నలు విడిపోతారు. హర్ష నాన్నతో వెళ్తాడు, మేఘన అమ్మ దగ్గర ఉండిపోతుంది. కథంతా మేఘనే చెబుతుంది. మా అక్క కూతురికి కూడా సరిగ్గా పదహారే కాబట్టి ముందు తనకే ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసి వచ్చి, బాగుందనో బాగోలేదనో చెప్పకుండా ఈ ప్రశ్న అడిగింది.

"అది మేఘనకి తెలియదు కదా, అందుకే రాయలేదు" అన్నాను.

"సరే, నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆ పిల్లవాడు నా కథలో నూట యాభై పేజీలు తిరిగాడు, అలిగాడు, తలుపు వేసుకున్నాడు, చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకురా అని నేను ఒక్కసారి కూడా వాడిని అడగలేదు. మేఘనని బాధపెట్టడానికి నాకు ఒకడు కావలసి వచ్చింది, వాడు దొరికాడు. అంతవరకే ఆలోచించాను. చదివినప్పుడల్లా ఎక్కడో ఏదో వెలితిగా అనిపించేది. వాక్యాలు సరిచేస్తే పోతుందేమో అనుకుని వాక్యాలు సరిచేస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని హర్ష నోటితో ఒక పేజీ రాసి చూశాను. మొదటి వాక్యం ఇలా వచ్చింది: "నాన్నకి ఒక్కడే కూర్చుని తినడం చేతకాదు." వాడు ఎందుకు వెళ్లాడో నాకు అప్పుడు తెలిసింది. మేఘన అమ్మ దగ్గర ఎందుకు ఉండిపోయిందో, వాడు నాన్నతో ఎందుకు వెళ్లాడో, రెండింటికీ కారణం ఒకటే. అది ఇద్దరికీ తెలియదు. ఈ సంగతి మేఘన ఒక్కదానితో చెప్పించడం కుదరదు. కథ ఇద్దరూ చెప్పాల్సిందే.

మొదట చాలా పెద్ద పొరపాటు చేశాను. మేఘన చెప్పిన 22 అధ్యాయాలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కదానికి జోడీగా హర్షది ఒకటి రాసుకుంటూ పోయాను. అదే రోజు, అదే గది, అవే మాటలు, చూసే కళ్లు మాత్రం వేరు. నాలుగు నెలల్లో 44 అధ్యాయాలయ్యాయి, సుమారు 70 వేల పదాలు. చాలా పని చేశానన్న తృప్తి కూడా కలిగింది. మా అక్క కూతురు ఈసారి నాలుగో జోడీ దగ్గర ఆగిపోయింది. "రెండోవి వదిలేసి ముందుకెళ్లిపోయాను పిన్నీ. ఏం జరుగుతుందో ముందే తెలిసిపోయింది కదా" అంది.

అప్పుడు వెనక్కి వెళ్లి, ఇలా రెండు గొంతులతో రాసిన పిల్లల నవలలు మళ్లీ చదివాను. ఈసారి కథ కోసం కాదు, కుట్టు ఎక్కడెక్కడ పడిందో చూడటానికి. వెండెలిన్ వాన్ డ్రానెన్ 2001లో రాసిన 'ఫ్లిప్డ్'లో బ్రైస్ చెప్పిన సంఘటననే జూలీ మళ్లీ చెబుతుంది. నేను చేసిన పనే, కానీ అక్కడ విసుగు రాదు. కారణం ఏమిటా అని ఒక్కో అధ్యాయం పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. బ్రైస్ చెప్పినప్పుడు మనం ఆ అమ్మాయి గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తాం. ఆ అమ్మాయి నోరు విప్పగానే ఆ నిర్ణయం మారిపోతుంది. అంటే రెండోసారి చెప్పినప్పుడు సంఘటన అదే అయినా, కదిలేది చదివేవాడి మనసు. మలోరీ బ్లాక్‌మన్ 'నాట్స్ అండ్ క్రాసెస్' కూడా 2001లోనే వచ్చింది. అందులో సెఫీ, కాలమ్ ఒకరి తర్వాత ఒకరు చెబుతారు కానీ కథ చాలావరకు ముందుకే పోతుంది. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకుంటారు.

నా కథకి ఈ రెండోదే సరిపోతుందనిపించింది. ఒక్క సన్నివేశం మాత్రం ఇద్దరి చేతా చెప్పించాలి, మిగతావన్నీ ఎవరో ఒకరే చెప్పాలి అని నిర్ణయించుకున్నాను. మరి ఏది ఎవరు చెప్పాలి? వంతులు వేసుకుని రాస్తే కుదరలేదు. చివరికి నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే: ఆ గదిలో ఎవరికి ఎక్కువ నష్టం జరుగుతుందో వాళ్లే చెప్పాలి.

ఉదాహరణకి అమ్మ పుట్టినరోజు. విడిపోయిన నాలుగు నెలల తర్వాత హర్ష మొదటిసారి ఆ ఇంటికి వస్తాడు. పాత ప్రతిలో ఇది మేఘన చెప్పింది, బాగానే చెప్పింది. వాడు వచ్చాడు, ముభావంగా కూర్చున్నాడు, వెళ్లిపోయాడు. అదే సన్నివేశం హర్షకి ఇచ్చేసరికి వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచి చేతులు ఖాళీ లేనప్పుడల్లా కాలితో నెట్టి తెరిచిన తలుపు అది. ఇప్పుడు కాలింగ్ బెల్ నొక్కాలా, నేరుగా లోపలికి వెళ్లాలా? ఆ ఒక్క క్షణం మీద ఒకటిన్నర పేజీ రాశాను. లోపల అమ్మ ఉంది, చెల్లెలు ఉంది, వాడి చెయ్యి బెల్ దాకా వెళ్లి ఆగింది. మేఘనకి ఇది కనిపించే అవకాశమే లేదు, తను తలుపుకి ఇవతల ఉంది. వాడు లోపలికి వచ్చి ముభావంగా కూర్చోవడం గురించి ఆ తర్వాత నేను ఒక్క ముక్క కూడా విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

రెండుసార్లు చెప్పించిన ఆ ఒక్క సన్నివేశం, హర్ష ఇల్లు వదిలి వెళ్లే సాయంత్రం. దాని మీద మిగతా పుస్తకం మొత్తం మీద పడినంత కష్టం పడ్డాను. మొదట ఇలా రాశాను: హర్ష కారులో కూర్చుంటాడు, చెల్లెలు వీడ్కోలు చెప్పడానికి కూడా కిందికి రాలేదని మనసు విరిగిపోతుంది. తర్వాత మేఘన చెబుతుంది, వాడు మర్చిపోయిన కళ్లజోడు పెట్టె కోసం పైన అలమారంతా వెతుకుతున్నానని, దొరికి కిందికి వచ్చేసరికి కారు వెళ్లిపోయిందని. రాసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఎవరు చదివినా కరిగిపోతారనుకున్నాను.

ఈసారి మా అక్క కూతురితో పాటు తన స్నేహితులు నలుగురికి కూడా ఇచ్చాను. అందరూ 15 నుంచి 17 ఏళ్ల మధ్యవాళ్లు. వాళ్లలో ఒకబ్బాయి చాలా మర్యాదగా అన్నాడు: "ఒక్క మెసేజ్ పెడితే అయిపోయేది కదా ఆంటీ? కళ్లజోడు వెతుకుతున్నా, ఆగు అని."

నిజమే. 300 పేజీల దుఃఖాన్ని ఒక్క మెసేజ్‌తో తీరిపోయే అపార్థం మీద నిలబెట్టాను. రెండు గొంతులతో కథ రాసేవాళ్లకి ఈ ఆశ చాలా బలంగా ఉంటుంది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకుండా దాచడం సులువు, చదివేవాళ్లు కూడా కాసేపు అయ్యో అంటారు. పుస్తకం మూసేశాక మాత్రం మోసపోయామనిపిస్తుంది. ఆ పిల్లలకి ఫోన్లున్నాయి, మాటలున్నాయి, ఒకే కడుపులో పెరిగిన చనువుంది. ఇవన్నీ ఉన్నా మాట్లాడుకోలేకపోయారంటే కారణం కళ్లజోడు పెట్టె కాలేదు.

కళ్లజోడు పెట్టె తీసేశాను. తీసేశాక రెండు వారాలు ఏమీ రాయలేకపోయాను. మేఘన పైనే ఉంది, కారు కిందే ఉంది. తను ఎందుకు దిగలేదు? ఏ అడ్డూ లేకుండా, కావాలనే దిగలేదు అనుకుంటే? అలా అనుకున్నాకే సన్నివేశం తెరుచుకుంది. ఇప్పుడు పుస్తకంలో హర్ష ఇలా చెబుతాడు:

"కారు స్టార్టయింది. పైకి చూశాను. కర్టెన్ కదిలింది. ఆగింది. మళ్లీ చూశాను. కదల్లేదు. నాన్న సీటు బెల్టు పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. అది కిందికి రాలేదు."

ఆ తర్వాతి అధ్యాయంలో మేఘన:

"కిందికి వెళ్లాలంటే పద్నాలుగు మెట్లు దిగాలి, దిగాక నాన్న నా మొహం చూసి నువ్వూ వస్తావా అమ్మలూ అని అడుగుతాడు, అడిగితే వస్తాననే అంటాను, అనకుండా ఉండలేనని నాకు తెలుసు, అప్పుడు వంటింట్లో పంపు తిప్పి ఆ నీళ్ల చప్పుడు చాటున ఏడుస్తున్న అమ్మకి ఇంట్లో ఎవరూ మిగలరు, అందుకని మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాను. కాదు, రెండో మెట్టు."

ఇక్కడ హర్షకి తెలియని సంగతి అంటూ పెద్దగా లేదు. చెల్లెలు పైనే ఉందని వాడికి తెలుసు, కావాలనే దిగలేదని కూడా తెలుసు. మేఘన మెసేజ్ పెట్టినా "నేను రాలేకపోయాను" అని పెడుతుంది, వాడు దాన్ని "రాదలుచుకోలేదు" అనే చదువుకుంటాడు. జరిగిన దాంట్లో ఇద్దరికీ తగాదా లేదు. దాని అర్థం దగ్గరే ఇద్దరూ చెరో దారి పట్టారు. ఇలాంటి దూరం మెసేజ్‌లతో తీరదు, నవలంతా పడుతుంది. అడిగిన అబ్బాయికి ఈ కొత్త ప్రతి చూపిస్తే రెండుసార్లు చదివి, తిరిగి ఇస్తూ "ఇప్పుడు మెసేజ్ పెట్టినా లాభం లేదు" అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇక గొంతుల సంగతి. మన భాషలో ఇద్దరి నోట కథ చెప్పించేవాళ్లకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. "వెళ్లాను, చూశాను, ఏడ్చాను" అంటే అన్నది అబ్బాయో అమ్మాయో తెలియదు. హిందీలో అయితే క్రియ చివర చూసి చెప్పేయొచ్చు. మనకి 'నేను' అన్నాక ఆడామగా తేడా ఉండదు. అధ్యాయం మీద పేరు ఉంటుంది నిజమే, కానీ పిల్లలు పేరు చూసుకోకుండా చదివేస్తారు, మూడో పేరాలో తికమకపడి వెనక్కి వెళ్తారు. ఇంగ్లీషులో ఇంకొన్ని సదుపాయాలున్నాయి. జాన్ గ్రీన్, డేవిడ్ లెవితన్ కలిసి రాసిన 'విల్ గ్రేసన్, విల్ గ్రేసన్' 2010లో వచ్చింది. అందులో కథ చెప్పే ఇద్దరబ్బాయిల పేరూ ఒకటే. ఒకడి అధ్యాయాలు మొత్తం చిన్న అక్షరాల్లో ఉంటాయి, పేజీ చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్నవే లేవు. కాబట్టి గొంతులో తేడా వాక్యంలోనే రావాలి.

నేను పెట్టుకున్న పరీక్ష ఇది. ఏదో ఒక పేజీ తీసి, పైన పేరు ఉన్న చోట వేలు పెట్టి మూసి, నాలుగు లైన్లు చదివించాలి. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పగలగాలి. మొదటిసారి ఐదుగురు పిల్లలతో పది పేజీలు చదివిస్తే, సగం పైగా తప్పు చెప్పారు. తప్పు వాళ్లది కాదు. ఇద్దరి గొంతూ నాదే. ఇద్దరూ నాలాగే పోలికలు చెబుతున్నారు, నాలాగే వాక్యాన్ని "ఏమో" అని ముగిస్తున్నారు. అసలు పేర్లు కూడా మొదట్లో హర్ష, హర్షిత అని పెట్టాను, కవలలు కదా అని. ఆ పేర్లు చదివేవాళ్లని ఇంకా తిప్పలు పెట్టాయి. హర్షిత మేఘన అయింది అప్పుడే.

హర్ష గొంతు నాకు మైదానంలో దొరికింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి. పిల్లల్లో ఒకమ్మాయి, "హర్ష ఎప్పుడు చూసినా మేఘన గురించే ఆలోచిస్తున్నాడు, వాడికి వేరే పనేమీ లేదా?" అని అడిగింది. అవును, రెండో గొంతు పెట్టానన్న మాటే కానీ, వాడి చేత కూడా మొదటి పిల్ల కథే చెప్పిస్తున్నాను. వాడికంటూ ఒక కోరిక ఉండాలి, ఈ ఇంటి గొడవతో సంబంధం లేనిది. వాడిని పరుగులో పెట్టాను, 1500 మీటర్ల పరుగు. దాని గురించి నాకేమీ తెలియదు కాబట్టి కొన్నాళ్లు తెల్లవారుజామున మైదానానికి వెళ్లాను. పరిగెత్తేవాళ్లని చూశాను, నేనూ నాకు చేతనైనంత పరిగెత్తాను. ట్రాక్ చుట్టూ ఒక రౌండు 400 మీటర్లు. 1500 అంటే మూడు రౌండ్లు, ఆ పైన ముప్పావు. అందుకే ఆ పందెం ముగింపు గీత దగ్గర మొదలవదు, ఇంకో వైపు మొదలవుతుంది. హర్ష ఈ సంగతిని ఒకచోట తనలో తను చెప్పుకుంటాడు, నేను దాన్ని ఏ పోలికగానూ మార్చకుండా అలాగే వదిలేశాను.

మైదానం నుంచి నేను తెచ్చుకున్న అసలు సంగతి ఊపిరి. రెండో రౌండులో మనిషి నాలుగు మాటలకి మించి ఒక్కసారిగా మాట్లాడలేడు. పక్కన పరిగెత్తేవాడు ఏదైనా అడిగితే "ఆ", "పద", "ఇంకొకటి" అంటారు, అంతే. ఇంటికొచ్చి హర్ష అధ్యాయాలన్నీ ఆ ఊపిరితో మళ్లీ రాశాను. రెండు, మూడు, నాలుగు మాటల వాక్యాలు. పరుగు లేని చోట కూడా వాడు అలాగే మాట్లాడతాడు. మేఘన అలా కాదు. తను లెక్కపెట్టే పిల్ల. అన్న తనకంటే పదకొండు నిమిషాలు పెద్ద అన్నది కూడా లెక్కలోకి తెచ్చే పిల్ల. ఏదీ పొరపాటు చెప్పకూడదన్న భయంతో వాక్యం ఆపదు, చెప్పినదాన్ని తనే "కాదు" అని సరిదిద్దుకుంటుంది. ఇల్లు రెండుగా విడిపోయాక తనకి లెక్క తప్పకపోవడం ఒక్కటే ధైర్యం. ఇవి దొరికాక పేరు మీద వేలు పెట్టి చదివిస్తే పది పేజీల్లో తొమ్మిది సరిగ్గా చెప్పారు.

మన భాష కష్టం ఒకటి పెట్టిందన్నాను, దానికి పది రెట్లు తిరిగి ఇచ్చింది. 'మా', 'మన' అన్న రెండు చిన్న మాటలు చూడండి. కథ మొదట్లో ఇద్దరూ "మన ఇల్లు" అంటారు. హర్ష వెళ్లిన నెలకి మేఘన ఫోన్లో మాట్లాడుతూ మామూలుగా "మా ఇంట్లో కరెంటు పోయింది" అంటుంది. తను గమనించదు. హర్ష చెవికి తగులుతుంది. వాడు జవాబుగా "మా ఇంట్లో ఉంది" అంటాడు. ఆ రెండు వాక్యాలు రాశాక, విడిపోవడం గురించి అంతకుముందు నేను రాసుకున్న మూడు పేజీల వర్ణన కొట్టేశాను.

'అట' కూడా అంతే. ఒకే గదిలో పడుకున్నప్పుడు ఒకరి సంగతులు ఇంకొకరికి 'అట'తో తెలియవు. దూరమయ్యాక మేఘన మొదటిసారి "హర్ష పరుగులో చేరాడట" అంటుంది. అన్న గురించి తెలుసుకోవడానికి తనకి మూడో మనిషి కావలసి వచ్చింది. ఆ మాట చదివి మా అక్క కూతురు పుస్తకం కాసేపు బోర్లా పెట్టింది.

ఇంకొకటి, హర్ష చెల్లెల్ని 'అది' అంటాడు. బయటివాళ్లు అంటే తప్పు, తోడబుట్టినవాడు అంటే దాంట్లో ఉన్న చనువు వేరు. మేఘన వాడిని 'వాడు' అంటుంది. కోపం పెరిగేకొద్దీ హర్ష 'అది' నుంచి 'తను'కి, 'తను' నుంచి 'ఆమె'కి జరుగుతాడు. ఎక్కడ జరగాలన్నది నేను ఒక్కో అధ్యాయం తీసుకుని గుర్తు పెట్టుకున్నాను. ఎక్కడా "కోపం వచ్చింది" అని రాయలేదు.

కాలం లెక్కలతో వచ్చిన చిక్కు గురించి ఎక్కువ చెప్పను. గోడకి ఒక పెద్ద కాగితం అంటించి నాలుగు గళ్లు గీశాను. తేదీ, జరిగింది, హర్షకి తెలిసింది, మేఘనకి తెలిసింది. ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది. చేయనందుకు, అమ్మ ఉద్యోగం మారిన సంగతి 13వ అధ్యాయంలో తెలుసుకోవలసిన హర్ష 9లోనే దాని గురించి దిగులుపడుతున్నాడు. అది ఐదుగురిలో ఎవరూ పట్టుకోలేదు, నేను ఐదోసారి చదివినప్పుడు దొరికింది. రెండు గొంతుల పుస్తకం రాయాలనుకునేవాళ్లు ముందు ఆ కాగితం గీసుకోండి, వాక్యాలు తర్వాత.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది నా పక్షపాతం పోవడానికి. ఉన్నట్టు నాకే తెలియలేదు. చివరి ప్రతికి ముందుది చదివించాక ఐదుగురినీ విడివిడిగా ఒకటే అడిగాను: తప్పెవరిది? ఐదుగురూ హర్షదే అన్నారు. గొంతు ఇచ్చాను, పరుగు ఇచ్చాను, కారణం ఇచ్చాను, అయినా ఓడిపోయాడు. ఎందుకా అని రెండు రంగుల పెన్సిళ్లతో గుర్తులు పెట్టుకుంటూ పుస్తకమంతా చదివాను. మేఘన తప్పు చేసిన ప్రతిచోటా దాని కారణం పక్కనే ఉంది, అదే పేజీలో. హర్ష తప్పు చేసిన చోట కారణం రెండు మూడు అధ్యాయాల తర్వాత వస్తోంది. చదివేవాడు అప్పటికే వాడి మీద కోపంతో గట్టిపడిపోయి ఉంటాడు. ఇది నేను కావాలని చేసింది కాదు. ఎనిమిది నెలలు మేఘనతో గడిపాను, తనని ఎవరూ ఒక్క నిమిషం కూడా అపార్థం చేసుకోకూడదని నా చెయ్యి దానంతట అదే కారణాలు ముందుకు తెచ్చి పెడుతోంది.

మార్చడానికి రెండు చోట్ల మేఘనకి కారణం లేకుండా చేశాను. నాన్న పంపిన ఉత్తరాన్ని తను చదవకుండా చింపేస్తుంది. ఎందుకో చెప్పదు, తర్వాత కూడా చెప్పదు. అది రాయడం నాకు నిజంగా బాధగా ఉండింది, సొంత పిల్లని నలుగురి ముందు నిలబెట్టినట్టు. హర్షకి మాత్రం వరసగా రెండు అధ్యాయాలు ఇచ్చాను, వంతు తప్పించి. ఆ రెండింట్లో నాన్న ఉంటాడు. భోజనాల బల్ల దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకుని, మేఘన పేరు దాకా వెళ్లి, మళ్లీ పెట్టేసే నాన్న. మేఘన పుస్తకమంతా "నాన్న ఒక్కసారి ఫోన్ చేయలేదు" అని లెక్కపెడుతూ ఉంటుంది, ఆ లెక్క తప్పేమీ కాదు. ఇలా ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియని సంగతులు ఒకటి రెండు ఉండొచ్చనే ఇప్పుడు అనుకుంటున్నాను, పుస్తకం బరువు వాటి మీద పడకపోతే చాలు. తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడిగితే ఇద్దరు హర్షదన్నారు, ఒకరు మేఘనదన్నారు, ఒకరు నాన్నదన్నారు. మా అక్క కూతురు జవాబు చెప్పలేదు.

ఒక ప్రచురణ సంస్థకి పంపితే నాలుగు నెలల తర్వాత తిప్పి పంపారు. కథ బాగుందని, కానీ ఇది ఇద్దరిలో ఎవరి కథో తేల్చుకోమని, ఒకరి నోట చెబితే పిల్లలకి సులువుగా ఉంటుందని రాశారు. వాళ్ల మాట తీసిపారేయలేదు. రెండు వారాలు హర్షని తీసేసి చదివి చూశాను. కాలింగ్ బెల్ పోయింది, నాన్న చేతిలో ఫోన్ పోయింది, ఫోన్లో మేఘన అన్న 'మా' ఎవరికి తగిలిందో పోయింది. మళ్లీ వాడు ఎందుకు వెళ్లాడో ఎవరికీ తెలియని పుస్తకం మిగిలింది. హర్షని మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టేశాను. పిల్లలకి కష్టమన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నాకు దొరికిన ఐదుగురిలో ఏ ఒక్కరూ రెండు గొంతులు కష్టమనలేదు, రెండూ ఒకేలా ఉన్నప్పుడే కష్టమన్నారు.

ముగింపు మూడుసార్లు మారింది. ఒకసారి ఇద్దరూ కలిసి 'మనం' అని చెప్పే అధ్యాయం రాశాను. వినడానికి ఎంతో బాగుంది, నిజం మాత్రం కాదు. అమ్మానాన్నలు కలవరు, ఇళ్లు రెండూ రెండుగానే ఉంటాయి. ఇప్పుడు చివరి అధ్యాయం మేఘనది. హర్ష పందెం అయ్యాక తను "మా ఇంటికి వస్తావా?" అని అడుగుతుంది. ఆ 'మా'ని 'మన' చేయాలని మూడు వారాల పాటు రోజూ అనిపించింది, రెండుసార్లు చేశాను కూడా. చివరికి 'మా' అనే ఉంచాను.

మొత్తం 31 అధ్యాయాలు, 46 వేల పదాలు. పోయిన నెల ఇంకొకరికి పంపాను. పంపిన రెండో రోజు రాత్రి ఒకటి గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. 17వ అధ్యాయంలో హర్ష బాగా కోపంలో ఉంటాడు, చెల్లెల్ని 'ఆమె' అనే అంటాడు. కానీ మెట్ల మీద జారి మేఘన చెయ్యి విరిగిందని వాడికి ఫోన్ వచ్చే చోట ఒక 'అది' మార్చడం మర్చిపోయాను. ఫైలు తెరిచి చూశాను. "ఎక్కడుంది అది?" అని ఉంది. 'అది' చెరిపి 'ఆమె' అని కొట్టాను. ఒకసారి పైకి చదివాను. మళ్లీ 'అది' పెట్టి, ఫైలు మూసి పడుకున్నాను.